సైకిలుకు సరిపడా మనిషి

కాకినాడలో పాత రేసు సైకిలు కొనుక్కున్నవాడికి అది సరిపోకపోతే సైకిలును ముట్టుకోరు, మనిషినే సరిచేసి పంపిస్తారు. ఇందులో వింతేమీ లేదు. అలాంటి సైకిళ్ళు మళ్ళీ తయారు కావు. మనుషులంటారా, తయారవుతూనే ఉంటారు. అందుకే పురపాలక సంఘం పాత రేసు సైకిళ్ళను వారసత్వ సంపద కింద చేర్చింది. సీటును వేలెడంత పైకి లేపినా నేరమని తీర్మానించింది. కొనేవాళ్ళ సౌకర్యం కోసం మెయిన్ రోడ్డులో అమరికల కార్యాలయం తెరిచింది. ఆదివారాలు సెలవు.

చిక్కాల ఆదినారాయణకు ఇవన్నీ తెలుసు. పోర్టు ఆఫీసులో పెద్ద గుమాస్తా, యాభై దాటినవాడు, ఆరడుగుల పైచిలుకు మనిషి. ఆ పొడుగు తప్ప చెప్పుకోవడానికి ఆయన దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఇంట్లో అటక మీద సామాను స్టూలు లేకుండా దించేది ఆయనే. వీధిలో వినాయక చవితి పందిరికి మామిడి తోరణాలు కట్టేదీ ఆయనే. ఆ పొడుగు కూతురు లిఖితకు కూడా వచ్చింది. తండ్రీకూతుళ్ళు కలిసి నడుస్తుంటే జనం తిరిగి చూస్తారు. అలా చూడాలనే ఆయన కూతుర్ని వెంటబెట్టుకుని కూరగాయలకు వెళతాడని భార్య సత్యవేణి దెప్పుతుంటుంది.

అంతటి మనిషి బుల్లబ్బాయి సైకిలు షాపులో ఆ సైకిలును చూసి పడిపోయాడు. ముదురాకుపచ్చ రంగు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి తిరిగిన హ్యాండిలు, సన్నటి టైర్లు, ఎవరో ఏళ్ళ తరబడి కూర్చుని నున్నగా చేసిన తోలు సీటు. కాలేజీ రోజుల్లో ఒక స్నేహితుడికి ఇలాంటిదే ఉండేది. బతిమాలి ఒక్క సాయంత్రం తీసుకుని కోరంగి రోడ్డు మీద తొక్కాడు. ఆ గాలి ఇప్పటికీ ఆయన చెవుల్లోనే ఉంది. మోకాళ్ళు పూర్తిగా పాడయ్యేలోపు ఆ రోడ్డు మీద అలాంటి సైకిలు మళ్ళీ ఒక్కసారి తొక్కాలి. ఆయన కోరికల్లో ఇంకా వాడిపోకుండా మిగిలింది అదొక్కటే. ఎక్కి కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"పొట్టి ఫ్రేమండీ" అన్నాడు బుల్లబ్బాయి. "మొదట కొన్నాయన తాతాజీ గారని, రేవులో దుబాసీ చేసేవోరు. మీ భుజం కాడికి కూడా వచ్చేవోరు కాదు. పోయి శానా కాలమైందనుకోండి."

"సీటు కాస్త లేపితే?"

"అమ్మమ్మా, అంత మాటనకండి! ఎవరైనా వింటే నా లైసెన్సు పోద్ది. మిమ్మల్నే కాస్త దింపుదాం. ఎంతమంది దిగలేదండీ!"

అమరికల అధికారిణి శ్యామసుందరి గారు చాలా మర్యాదస్తురాలు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, జరగబోయేది వివరించారు.

"తాతాజీ గారి కొలతలకు మిమ్మల్ని తీసుకొస్తామండి. కాళ్ళు తగ్గుతాయి. చేతులు కొద్దిగా సాగుతాయి. నడుం మాత్రం వంగి ఉండాలి. అది మీకు ఇప్పటికే వంగి ఉంది, పోర్టు ఆఫీసు వాళ్ళందరికీ ఉంటుంది, కాబట్టి దాని జోలికి మేం వెళ్ళం."

"మళ్ళీ పెరగాలనిపిస్తే?"

ఆవిడ రిజిస్టరు తిరగేశారు. "అలా ఎవరూ అడగలేదండి ఇంతవరకూ. పొడుగు పోతే మీకు బెంగగా ఉంటుందా?"

"లేదండీ, మా అమ్మాయి దగ్గర ఉందిగా" అన్నాడు ఆదినారాయణ. అది ఉత్త మాట కాదు. ఒకటి లాకర్లో ఉంది కదా అన్న ధైర్యంతో రెండో నగను తాకట్టు పెట్టేవాడిలా, నిశ్చింతగానే అన్నాడు.

నిబంధన ప్రకారం ఇంటి గేటుకు నోటీసు అంటించారు. ఫలానా ఆదినారాయణ పొట్టివాడైతే ఇబ్బందిపడేవాళ్ళు అభ్యంతరం చెప్పుకోవచ్చునని అందులో ఉంది. వినాయక చవితి కమిటీ చెప్పుకుంది. ఆయన ఒక నిచ్చెన రాసిస్తాననేసరికి వెనక్కి తీసుకుంది. సత్యవేణి మాత్రం ఏ అభ్యంతరమూ చెప్పలేదు. ఆయనకు అదే గుచ్చుకుంది. భోజనాల వేళ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకేమీ అనిపించడం లేదా?"

"అనిపించడానికేముందండీ. మంచి సైకిలన్నారుగా."

"అది కాదు వేణీ. నా పొడుగు..."

సత్యవేణి పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని, హాల్లోంచి పెళ్ళి ఫోటో తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. రోజూ దాని కిందే కూర్చుని కాఫీ తాగుతాడు. అందులో పెళ్ళికూతురి తల ఆయన చెవి దాకా ఉంది. ఇప్పుడు ఎదురుగా నిలబడ్డ సత్యవేణి ఆయన జేబు దగ్గరికి వస్తోంది.

"ఎత్తు చెప్పులేసుకున్నావేమో."

"పీటల మీద చెప్పులేంటండీ?" అని ఆమె మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. "ఈ గట్టు మీ అమ్మగారి ఎత్తుకు కట్టించింది కదా. పగలగొడితే గోడ కదులుద్దన్నారు మావయ్యగారు. నిజమేలెండి, గోడ కదిలితే ఎలా? ఏడాది తిరిగేసరికి నేనే సరిపోయాను. అప్పట్లో ఈ ఆఫీసులవీ లేవు, అన్నీ ఇంట్లోనే అయిపోయేవి."

"నాకు చెప్పలేదేం?"

"మీరెప్పుడూ అటక మీద సామాన్లు దించుతూ ఉండేవారు. కిందకి చూసేవారు కాదు."

ఆదినారాయణకు సిగ్గేసింది. నిజంగానే తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గు అన్నం తిన్నంతసేపూ ఉంది. మజ్జిగలోకి వచ్చేసరికి, ఒక గట్టు కోసం సత్యవేణి వల్ల అయింది, అంత అందమైన సైకిలు కోసం తన వల్ల ఎందుకు కాదనిపించింది. మర్నాడే అమరికల కార్యాలయానికి వెళ్ళి సంతకం పెట్టాడు.

పద్ధతి సులువే. సైకిలును ఎదురుగా నిలబెట్టి, మనిషిని బల్ల మీద కూర్చోబెడతారు. ఒక ఉద్యోగి పక్కన నిలబడి మర్యాదగా "కాస్త సర్దుకోండి" అంటాడు. బస్సుల్లో, పెళ్ళి పంక్తుల్లో, ఆసుపత్రి వరండాల్లో పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న మాటే కాబట్టి ఒళ్ళు దానంతటదే దగ్గరికి ముడుచుకుంటుంది. కాకపోతే ఇక్కడ ముడుచుకున్నది ముడుచుకున్నట్టే ఉండిపోతుంది. కొందరు మొండికేస్తారట. ఆదినారాయణ వేయలేదు. "మీలాంటివాళ్ళతో మాకు శ్రమే లేదండి" అని శ్యామసుందరి గారు మెచ్చుకున్నారు కూడా.

సైకిలు ఇంటికి వచ్చిన రోజున సత్యవేణి పసుపు రాసి, నిమ్మకాయ తొక్కించింది. ఆయన ప్యాంటు అంచులు మడిచి కుట్టిందీ ఆమే. కోరంగి రోడ్డెక్కాడు. అబద్ధమెందుకు, ఆనందంగానే ఉంది. కాళ్ళు పెడళ్ళకు సరిగ్గా అందాయి, చేతులు హ్యాండిలు వంపులోకి అలవాటైనట్టు వెళ్ళాయి, గాలి అదే గాలి. దారిలో టీకొట్టు బల్ల మీద కూర్చున్న ఒక ముసలాయన చెయ్యెత్తి "తాతాజీ గారూ, కులాసానా?" అని కేకేశాడు. ఆదినారాయణ ఆగలేదు. "కులాసా అండీ" అని అరిచి ముందుకు సాగిపోయాడు.

ఇంట్లోనూ బాగానే ఉంది. భార్యాభర్తలిద్దరూ అద్దం ముందు నిలబడితే తలలు సమంగా ఉన్నాయి. "ఇప్పుడు కుదిరాం" అంది సత్యవేణి నవ్వుతూ. అటక పని లిఖితకు వచ్చింది. ఆ పిల్ల చెయ్యి చాపి ఇత్తడి గిన్నెలు దించుతుంటే ఆయన కింద నిలబడి తలెత్తి చూసేవాడు. తనది ఎక్కడికీ పోలేదు, అదిగో అక్కడుంది అనుకునేవాడు.

ఆ ఎండాకాలంలోనే లిఖితకు ఉద్యోగం వచ్చింది, మంచి కంపెనీలో. ఉత్తర్వుతో పాటు కుర్చీ, బల్ల కొలతలు పంపారు.

"నాన్నా, మోకాళ్ళు బల్ల కింద పట్టేలా లేవు" అంది లిఖిత. "కాస్త ఎత్తు బల్ల ఇమ్మని అడగనా?"

ఆదినారాయణ తలెత్తి కూతురి మొహంలోకి చూశాడు. అడుగమ్మా అనాలనిపించింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. సత్యవేణి వింటోందని ఆయనకు తెలిసింది.

"కొత్తలోనే అలాంటివి అడిగితే బాగోదమ్మా" అన్నాడు. "నొప్పేమీ ఉండదు. నేను చేయించుకోలేదూ? మీ అమ్మ చేయించుకోలేదూ?"

వంటింట్లో గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది. లిఖిత బుద్ధిమంతురాలు. ఇంకోసారి అడగలేదు.

సోమవారం అమరికల కార్యాలయానికి వెళ్ళాలని నిర్ణయించుకున్నారు. అంతకు ముందు రోజు, ఎలాగూ సెలవే కాబట్టి, అటక మీద ఉన్న సామానంతా ఆ పిల్ల చేత కిందికి దింపించేశారు.