ఖాళీ పళ్లెంలో కొత్త పదార్థం

మా చుట్టుపక్కల భౌతిక రసాయన శాస్త్రం క్షుణ్ణంగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చదివింది వీధిబడే అనుకోండి. కానీ మా మనవరాలు విశ్వవిద్యాలయంలో పదార్థ రసాయనం మీద పరిశోధన చేస్తోంది. వచ్చినప్పుడల్లా నాకు పాఠం చెబుతుంది, నేను తల ఊపుతాను. పెద్ద చదువంటే అంతకన్నా ఏముంటుంది?

ఆ శాస్త్రంలో పని ఇది: పొడులు కలిపి నూరి, కొలిమిలో కాల్చి, మళ్లీ నూరి, మళ్లీ కాలుస్తారు. వంటింట్లో ఇలా చేస్తే మాడగొట్టావంటారు. అక్కడ డాక్టరేటు ఇస్తారు. ఆ పొడిని చిన్న పళ్లెంలో సర్ది ఎక్స్‌రే యంత్రంలో పెడితే తెర మీద గీత వస్తుంది. గీత పైకి లేచిన చోట్లన్నీ శిఖరాలు. ఏ పదార్థం శిఖరాలు దానివే, మనిషికి వేలిముద్రల్లాగా.

మనవరాలి పొడిలో ఎవరూ ఎదురుచూడని శిఖరం ఒకటి లేచింది. ఆమె గైడయిన ఆచార్యులవారు చూసిన తక్షణమే కొత్త పదార్థం ఆవిర్భవించినట్లు ప్రకటించి, దానికి తమ ఇంటిపేరు ప్రసాదించారు. శిఖరాన్ని గోడంత పెద్దదిగా అచ్చు వేయించి విభాగం గుమ్మానికి కట్టారు. పక్క విభాగం వారికి కూడా అదే శిఖరం రావడంతో ఆవిష్కరణ నిర్ధారణ అయింది.

మనవరాలికి మాత్రం అనుమానం పుట్టింది. పొడి వేయకుండా ఉత్త పళ్లెం పెట్టి చూసింది. శిఖరం దర్జాగా లేచింది! పళ్లెం కదలకుండా అడుగున అంటించే మట్టి ఉంది చూశారూ, పిల్లలు బొమ్మలు చేసుకునే రంగుమట్టి, అదీ ఆ శిఖరం. రెండు విభాగాలవారూ మట్టి ఒకే కొట్లో కొంటారు.

వెళ్లి ఆచార్యులవారికి చెప్పింది. ఆయన సంతకం లేనిదే ఆమెకు పట్టా లేదని మీరు గుర్తుంచుకోవాలి.

"శిఖరం వచ్చిందా, లేదా?" అన్నారు ఆచార్యులవారు.

"వచ్చింది సార్. పొడి లేకపోయినా వచ్చింది."

"చూశావా అమ్మా! లేకుండా కూడా ఉండగలుగుతోంది. ఇలాంటి పదార్థం ప్రపంచంలో ఇంకోటుందా?"

మర్నాడే ఉత్తర్వు వెలువడింది: శాస్త్రీయ క్రమశిక్షణ దృష్ట్యా, ఇకమీదట యంత్రంలో ఖాళీ పళ్లెం పెట్టడం నిషేధించడమైనది. ఇంతలో కొట్లో ఎర్రమట్టి అయిపోయి పచ్చమట్టి వచ్చింది. శిఖరం కాస్త పక్కకు జరిగింది. రెండో పదార్థం పుట్టింది. దానికి ఆచార్యులవారి సతీమణి పేరు పెట్టారు.

మనవరాలు ఇంటికి వచ్చి, "తాతయ్యా, నోరు మూసుకుంటే పట్టా వస్తుంది. ఏం చెయ్యను?" అంది.

"నోరు మూసుకోవడం మన వంశంలో ఎవరికి చేతనయిందే?" అన్నాను.

చివరి పరీక్ష రోజు బయటినుంచి వచ్చిన పెద్దల ఎదుట, ఖాళీ పళ్లెం గీతనూ పొడి గీతనూ పక్కపక్కన పెట్టి చూపించింది. ఆచార్యులవారు నెమ్మదిగా లేచారు. "పొరపాటు నాదే. అమ్మాయి చెప్పిందే నిజం" అని, అందరిముందూ సంతకం చేశారు.

ఇక నా సంగతి. శాస్త్రం క్షుణ్ణంగా తెలుసన్నాను గదా, అదేం లేదు. ఆ గీతను నేను చాలాసేపు తలకిందులుగా పట్టుకుని మెచ్చుకున్నానట, మనవరాలే తిప్పి ఇచ్చింది. తక్కినదంతా జరిగినట్టే చెప్పాను. కల్పించింది ఒక్కటే: ఆచార్యులవారు లేచిన ముక్క. ఆయన లేవలేదు. సంతకం పెట్టలేదు. మనవరాలు ఇప్పుడు ఇంకో గైడును వెతుక్కుంటోంది. ఎవరి గదికి వెళ్లినా ముందు మట్టి ఏ కొట్టుదని అడుగుతోంది.

మీరూ తక్కువవారు కారు. మట్టికి ఇంటిపేరు పెట్టారంటే నమ్మారు. ఖాళీ పళ్లెం మీద ఉత్తర్వు వచ్చిందంటే నమ్మారు. పెద్దమనిషి ఒకడు తన తప్పు ఒప్పుకున్నాడు అనగానే, "ముసలాడు కోతలు కోస్తున్నాడు" అనుకున్నారు.