శెట్టిగారి తరువాతి నెత్తురు

ఆ శనివారం బడికి సెలవు. జయరాజు మేస్టారు పొద్దున్నే క్షవరం చేయించుకుని, ఆ తరువాత సైకిలుకు పంక్చరు వేయించుకుందామని ఇంట్లోంచి బయలుదేరాడు. నరసరావుపేట బజారులో కిరాణా కొట్టు కన్నయ్య శెట్టి అరుగు మీదినుంచి కేకేయకపోయి ఉంటే ఆ రెండు పనులూ జరిగేవి.

"మేస్టారూ, కాస్త ఆసుపత్రి దాకా రాండి. డాక్టరు గారు నెత్తురు తీస్తానన్నాడు. సూది చూస్తే నాకు కళ్ళు తిరుగుతయ్."

"నేనొస్తే తిరగవా?"

"తిరుగుతయ్. పడిపోతే పట్టుకునేదానికి ఒక మనిషుంటాడని."

జయరాజు మెత్తని మనిషి. కాదనలేక సైకిలు కొట్టు ముందే వదిలి వెంట నడిచాడు.

కన్నయ్యది భారీ శరీరం. బెల్లం దిమ్మె కొట్టేటప్పుడు రాలిన ముక్కలన్నీ తూకంలోకి పోకుండా ఆయన నోట్లోకి పోయేవి. ఈ మధ్య దాహం పెరిగింది, రాత్రిళ్ళు మాటిమాటికీ లేవవలసి వస్తోంది. చక్కెర జబ్బేమోనని డాక్టరు వీరరాఘవులు గారు అనుమానపడ్డారు. ఆయనకు అనుమానాలు తీర్చే మిషను ఒకటి కొత్తగా వచ్చింది. మద్రాసు నుంచి తెప్పించిన నల్లటి పెట్టె అది. లోపల బల్బు, పైన ముల్లు. నెత్తుర్లో మందులు కలిపి కాచి, నీలం రంగు తేలిన ఆ ద్రవాన్ని గాజు గొట్టంలో పోసి పెట్టెలో పెడితే, చక్కెర ఎంత ఉందో ముల్లు చూపించేది. ఎర్రగీత దాటితే జబ్బున్నట్టు. గుంటూరు దాటి ఇటువైపు అలాంటిది ఇంకొకటి లేదని ఆయన ప్రతి రోగికీ చెప్పేవారు, జలుబుతో వచ్చినవాళ్ళకు కూడా.

సూది కనబడగానే కన్నయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మేస్టారు గూడా తీయించుకుంటేనే నేను తీయించుకుంటా."

"నాకేం జబ్బు లేదు గదా శెట్టిగారూ!"

"లేకపోతే మరీ మంచిది. తోడుకి."

"అయితే ముందు మేస్టారికి తీద్దాం" అన్నారు డాక్టరు గారు.

"అమ్మో! పక్కమనిషి నెత్తురు చూస్తే నేను ఇక్కడే పడిపోతా. ముందు నాకే తియ్యండి."

అలా వరుస ఖాయమైంది. ముందు కన్నయ్య, వెనక జయరాజు. లాబు చూసుకునే సాజిదా ఇద్దరి నెత్తురూ, మూత్రమూ తీసుకుని లోపలికి వెళ్ళింది. కన్నయ్య వంతుకు ముల్లు చివరిదాకా పోయింది. జయరాజు వంతుకు అంత దూరం పోలేదు గాని, ఎర్రగీతను దాటి నిలబడింది.

"మేస్టారూ, తోడుకొచ్చి మంచి పని చేశారు. మీకూ ఉంది" అన్నారు డాక్టరు గారు, మిషను వంక ప్రేమగా చూస్తూ.

సాజిదా గొంతు సవరించుకుంది. "సార్, మేస్టారి మూత్రం కాచి చూశా. రంగు మారలా, చక్కెర లేదు."

"మంట మీద కాచి కంటితో చూసే పరీక్షలు మా నాన్న కాలం నాటివమ్మా. మిషనుండగా అవెందుకు?"

జయరాజు తండ్రి కాలి పుండు మానకుండానే పోయాడు. అది ఏ జబ్బో అప్పట్లో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు జయరాజుకు తెలిసిపోయింది. ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని, రెండు పాదాలనూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. భార్య నిర్మల విషయం విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పూట నుంచే ఆ ఇంట్లో వరి అన్నం ఆగిపోయింది. జొన్న సంకటి, కాకరకాయ కూర. మళ్ళీ జొన్న సంకటి, కాకరకాయ పులుసు. భర్త తినలేనిది తాను మాత్రం ఎలా తింటానని నిర్మల కూడా అదే తిన్నది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోకుండా నమిలేవాళ్ళు.

అదే సమయంలో బడి మేనేజరు ఫాదర్ గారు పిలిపించి, దాచేపల్లిలో కొత్తగా పెడుతున్న బడికి హెడ్మాస్టరుగా వెళ్ళమన్నారు. జయరాజు ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూసిన మాట అది.

"నేను ఎక్కువ కాలం ఉండను ఫాదర్. ఉండేవాళ్ళకియ్యండి" అన్నాడు. ఫాదర్ గారు శిలువ గుర్తు వేసుకుని, ఆ పదవిని తోటి పంతులు జ్ఞానయ్యకు ఇచ్చారు. జ్ఞానయ్య వచ్చి జయరాజు రెండు చేతులూ పట్టుకుని కంటతడి పెట్టాడు. అది దుఃఖమో సంతోషమో జయరాజు పోల్చుకోలేకపోయాడు.

ప్రతి శనివారమూ కన్నయ్య, జయరాజు కలిసే ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు. కన్నయ్య పథ్యం చేస్తానని ఒట్టు పెట్టుకుని, ఆ ఒట్టు బాధ మరిచిపోవడానికి ఇంకొంచెం బెల్లం తినేవాడు. ఆయన చక్కెర పెరిగేది. దాంతోపాటు జయరాజుదీ పెరిగేది. జయరాజు చొక్కా భుజాల మీదినుంచి జారడం మొదలుపెట్టినా ముల్లు మాత్రం తగ్గలేదు.

"ఏమండీ మేస్టారూ, దొంగతిండి తింటున్నారా?" అని ఒక శనివారం డాక్టరు గారు నిలదీశారు.

"కాకరకాయ తప్ప నోట్లో ఏం పెట్టడం లేదండీ."

"మిషను అబద్ధం చెబుతోందా?"

నిద్రలో లేచి తనకే తెలియకుండా ఏమైనా తింటున్నాడేమోనని జయరాజుకే అనుమానం వచ్చింది. నిర్మల పంచదార డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది. డాక్టరు గారు రోజూ పొద్దున చక్కెర తగ్గించే ఇన్సులిన్ సూది పొడిపించుకోమన్నారు.

జబ్బు లేని మనిషికి ఆ మందు ఏం చేస్తుందో తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. మంగళవారం బడిలో తీసివేతలు చెబుతూ, అప్పు తెచ్చుకోవలసిన చోట జయరాజు ఆగిపోయాడు. ఒళ్ళంతా చెమట పట్టింది. బోర్డును పట్టుకోబోయి దానితోపాటే కింద పడ్డాడు. జ్ఞానయ్య పరుగున వచ్చి, తన కోసం తెప్పించుకున్న టీని, దండిగా పంచదార వేసింది, జయరాజు నోట్లో కొంచెం కొంచెంగా పోశాడు. కాసేపటికి జయరాజు కళ్ళు తెరిచాడు.

సంగతి తెలిసి నిర్మల బడికి వచ్చి జ్ఞానయ్య మీద విరుచుకుపడింది.

"ఏందయ్యా నువ్వు చేసింది? చక్కెర జబ్బు మనిషికి పంచదార తాపిస్తావా? పోస్టు తీసుకుంది చాలక ప్రాణం గూడా తీద్దామనుకున్నావా?"

జ్ఞానయ్య ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయాడు. బడి అంతా ఆ మాటలు వింది. బతికించినవాడు ఆ సాయంత్రం ఇంట్లోంచి బయటికి రాలేదు.

నిర్మల భర్తను రిక్షాలో ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. ఆ రోజు కన్నయ్య లేడు. ముల్లు గీతకు ఎంతో కిందనే ఆగింది.

"చూశారా! మందు చానా బాగా పట్టింది" అని డాక్టరు గారు సంబరపడ్డారు.

మళ్ళీ శనివారం వచ్చింది. కన్నయ్య నెత్తురు, ఆ వెనక జయరాజు నెత్తురు. ముల్లు మళ్ళీ గీత దాటింది. ఈసారి నిర్మల కూడా వెంట వచ్చింది. డాక్టరు గారు నోరు తెరవకముందే ఆమె కన్నయ్య వైపు తిరిగింది.

"అన్నా, నిజం చెప్పు. ఒక్కడే వస్తే లేని చక్కెర నీతో వస్తే ఎట్టా వస్తది? దార్లో ఏం తినిపిస్తన్నావు?"

"నేనా? నా తల్లి మీద ఒట్టమ్మా! నాకే చాలట్లా, ఈయనకెక్కడ పెట్టేది?"

"అయితే నాకు తియ్యండి" అని నిర్మల చెయ్యి చాపింది. "నేను ఆయన తినేదే తింటన్నా. దార్లో ఈ అన్న పక్కన గూడా నడవలా."

కన్నయ్య ఒట్టు చాలకపోతే సూదైనా సరేనని కళ్ళు మూసుకుని ఇంకోసారి పొడిపించుకున్నాడు. ఆయన వెనకే నిర్మల నెత్తురు పెట్టారు. ముల్లు గీత దాటింది.

"దంపతులిద్దరికీ!" అన్నారు డాక్టరు గారు. కాని ఈసారి ఆయన గొంతులో ధీమా లేదు. కొంతసేపు గడ్డం గోక్కున్నారు. "సాజిదా, శెట్టిగారిది మళ్ళీ పెట్టు. దాని వెనక ఉత్త నీళ్ళు పెట్టు."

కన్నయ్యది పెట్టింది. గొట్టం ఒంపేసి అందులోనే నీళ్ళు పోసి పెట్టింది. సున్నా దగ్గర ఉండవలసిన ముల్లు పైకి లేచింది. మళ్ళీ నీళ్ళు పోస్తే కొంత దిగింది. ఇంకోసారి పోస్తే సున్నాకు చేరింది.

"నీళ్ళకు గూడా కాకరకాయ పెట్టమంటారా డాక్టరు గారూ?" అంది నిర్మల.

డాక్టరు గారు ఎర్రబడి సాజిదా వైపు తిరిగారు. "ఒకరిది పెట్టాక గొట్టం కడగవా? శెట్టిగారి మిగులంతా వెనకవాళ్ళకు అంటుకుంటోంది!"

"మీరే గదా సార్, గుంటూరు నుంచి వచ్చే డిస్టిల్డ్ వాటర్ పారబొయ్యొద్దన్నది. పొద్దున ఒక్కసారి కడిగితే చాలన్నారు."

కన్నయ్య ఒక్కడి ముఖమే వెలిగింది. "అయితే నాక్కూడా లేనట్టే గదా?"

"నీది నీకే ఉందయ్యా!" అన్నారు డాక్టరు గారు.

సాజిదా గొట్టాన్ని తృప్తిగా కడిగి జయరాజు నెత్తురు పెట్టింది. ముల్లు గీతకు కిందే నిలిచింది. నిర్మల కళ్ళు ఒత్తుకుంది. జయరాజు మాత్రం బెంచీ మీద అలాగే కూర్చున్నాడు. బతకబోతున్నానన్న మాట అతనికి నెమ్మదిగా ఎక్కుతోంది.

"దాచేపల్లికి జ్ఞానయ్య నిన్ననే సామాను తీసుకుపోయాడు" అన్నాడు. "వెళ్ళేముందు నాతో మాట్లాడలా."

నిర్మల తల దించుకుంది.

డాక్టరు గారు మిషను వంక ఒకసారి చూసుకున్నారు. చొక్కా చెయ్యి పైకి మడిచారు. "మిషనులో లోపం లేదు. జబ్బు లేని మనిషి నెత్తురు సరిగా పెడితే ఎట్లా చూపిస్తుందో మీరే చూడండి. నాది తియ్యమ్మా."

సాజిదా గొట్టం కడిగి ఆయనది పెట్టింది. ముల్లు గీత దగ్గర ఆగకుండా పైకి పోయింది. ఆమె ఎవరూ చెప్పకుండానే గొట్టాన్ని మళ్ళీ కడిగింది. నీళ్ళు పెట్టింది, సున్నా. ఆయనది పెట్టింది, ముల్లు తిరిగి అదే చోటికి వెళ్ళి నిలబడింది. డాక్టరు గారు మడిచిన చెయ్యి దించుకుని, బొత్తాము పెట్టుకోవడానికి చాలాసేపు తంటాలు పడ్డారు.

సోమవారం పొద్దున్నే ఆయన ఆ మిషనును మరమ్మతుకని మద్రాసు పంపించేశారు.