ధాతువుకు అర్థం దొరికింది

భాషా మంత్రిగారు చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు. 'ధాతువు' అనే మాట ఎక్కడ పుట్టిందో, దాని అర్థమేమిటో తమ ప్రభుత్వం తేల్చి తీరుతుందట! అంతకుముందు సభలో ఆయనే ఊపుమీద, భాషే మా ప్రభుత్వానికి ధాతువు అనేశారు. ప్రతిపక్షం వాడొకడు లేచి, అంటే ఏమిటని అడిగాడు. మంత్రిగారు అక్కడికక్కడే ఉన్నతస్థాయి కమిటీ వేశారు. మహానుభావులంతే, తమకు తెలియనిది లోకంలో ఇంకెవరికీ తెలియదని గట్టిగా నమ్ముతారు.

కమిటీ పనంతా నిఘంటు కార్యాలయంలో ఉపసంపాదకుడి నెత్తిన పడింది. అక్కడ ప్రధాన సంపాదకుడి కుర్చీ ఏళ్లుగా ఖాళీ. ఒక కాలు రెండువేళ్లు పొట్టిదై కుంటుతున్నా, కుర్చీ కుర్చీయే. ఈ ఒక్క మాటా గట్టెక్కిస్తే అది నీదేనని మంత్రిగారు అభయమిచ్చారు. ఆలూ లేదు చూలూ లేదు, ఇంటిదగ్గర ఉపసంపాదకుడి భార్య దానికి కుషను కుట్టేసింది కూడా.

పాపం, మనిషి చదువుకున్నవాడే. సాయంత్రానికల్లా రాసి తెచ్చాడు. 'ధా' అంటే నిలపడం, మోయడం. దేన్నయినా నిలబెట్టేది ధాతువు. క్రియాపదానికి మూలరూపం ధాతువే, ఒంటిని నిలబెట్టే రక్తమాంసాలూ ధాతువులే, భూమిలో దొరికే ఖనిజాలూ ధాతువులే.

మంత్రిగారు కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు.

"ఇంతేనా? దీనికి కమిటీ ఎందుకయ్యా?"

"అర్థం ఇంతేనండీ."

"నీకు ఇంతే. శాఖల్ని అడిగావా?"

ఆ కార్యాలయం ఆచారమే అంత. ఏ అర్థమైనా అచ్చెక్కాలంటే సంబంధిత శాఖవారి నో అబ్జెక్షన్ సంతకం ఉండాలి. ఖనిజం అని వేస్తే జనం పెరట్లు తవ్వుకుంటారని గనులశాఖ అధికారి అడ్డం తిరిగాడు. రక్తమాంసాలు మావేనని ఒప్పుకుంటే రేపు వాటికి మందులు కూడా ఇమ్మంటారని వైద్యశాఖ అధికారి మొరాయించాడు. విద్యాశాఖ అధికారి అసలు ఫైలే తెరవలేదు. తెరిచిన ఫైలు మూయడం తమ శాఖలో ఎవరికీ రాదట.

"తగాదా ఉన్న అర్థాలు మనకెందుకు? కొట్టేయ్," అన్నారు మంత్రిగారు.

మాటల్ని కన్నబిడ్డల్లా సాకినవాడు కలం మూత తీశాడు. కళ్లముందు కుషను మెదిలింది. కొట్టేశాడు. సిగ్గేసింది కూడా, కాకపోతే ఆ సిగ్గు కలానికి మూత పెట్టేదాకానే ఉంది.

ఈ పద్ధతి మంత్రిగారికి తెగ నచ్చి, మిగతా మాటలన్నిటికీ ఇదే న్యాయం చేయించారు. బస్తాడు బరువున్న నిఘంటువు రెండువేళ్ల మందాన తేలింది. అందులో 'ధాతువు' దగ్గర 'మూలం చూడుము' అని ఉంది. 'మూలం' దగ్గర 'ధాతువు చూడుము' అని ఉంది. ఇంత నిష్పక్షపాతమైన అర్థం ఏ భాషకీ లేదని ఆవిష్కరణ సభలో మంత్రిగారు బల్లగుద్ది చెప్పారు. ప్రతిపక్షం వాడు పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఉండిపోయాడు.

మర్నాడు కొత్త ప్రధాన సంపాదకుడు భార్యను వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చాడు. ఆవిడ మురిసిపోతూ కుషను సర్దింది.

"ఇంతకీ ఆ మాటకి అర్థం ఏంటండీ?"

ఆయన కూర్చోబోతే కుర్చీ పక్కకి ఒరిగింది. చప్పున లేచి, బల్లమీది కొత్త నిఘంటువు తీసి పొట్టికాలి కింద దూర్చాడు. మళ్లీ కూర్చున్నాడు. ఈసారి కుర్చీ కదల్లేదు.

"పుస్తకంలో ఉందిలే," అన్నాడు.