నొక్కకూడని బటన్

ఇకమీదట మన దేశం ఏ యుద్ధంలోనూ ఓడిపోదని రక్షణ మంత్రిగారు ఆ మధ్య విలేకరుల సమావేశంలో ప్రకటించారు. ఓడిపోయే పద్ధతినే ప్రభుత్వం రద్దు చేసిందనీ, ప్రపంచంలో ఇంతవరకూ ఎవరికీ ఈ ఆలోచన తట్టలేదనీ అన్నారు. రుజువేమిటని ఓ విలేకరి అడిగాడు. మంత్రిగారు చిరునవ్వు నవ్వి, మూల స్టూలు మీదున్న నా వైపు చెయ్యి చూపించారు. నేను లేచి నమస్కారం పెట్టాను.

నేను మంత్రిగారికి స్వయానా బావమరిదిని. అంతమాత్రాన ఉద్యోగం ఇచ్చేశారనుకుంటే పొరపాటు. మా అక్క అన్నం మానేశాకే ఇచ్చారు. హోదా పేరు వ్యూహాత్మక బటన్ పరిరక్షణాధికారి, పక్కనే బ్రాకెట్లో తాత్కాలికం. ఆ బ్రాకెట్ వల్ల మా మామగారు నన్ను ఇప్పటిదాకా అల్లుడుగారు అనలేదు. "అతనొచ్చాడా, తిన్నాడా" అని మా ఆవిణ్ణి అడుగుతారు. నేనక్కడే కూర్చుని ఉంటాను.

మంత్రిగారి గదిలో ఓ పాత కంప్యూటరుంది. అందులో ఒకే ఒక్క ఆట, యుద్ధం ఆట. తెరంతా మన దేశం పటం, దాని మీద తేనెపట్టులా గళ్ళు, గళ్ళలో చీమంత టాంకులు. మన వంతులో ఒక్కో టాంకునీ ఒక్కసారే కదపాలి. కదిపాక కీబోర్డు మీద ఎండ్ టర్న్, అంటే మన వంతు అయిపోయింది, అనే బటన్ నొక్కితే శత్రువు వంతు వస్తుంది. ఇవాళ పిల్లలు ఫోన్లలో చేసే యుద్ధాలన్నీ దీని మనవలూ మునిమనవలేనట. ఈ ఆటలో మా బావగారు పదకొండేళ్ళుగా ఒక్కసారి కూడా ఓడిపోలేదు. అందుకే ఆయన్ని పశువుల శాఖ నుంచి రక్షణ శాఖకి మార్చారు.

నా పనల్లా ఆ బటన్ ఎవరూ నొక్కకుండా చూడటం. ఊడ్చే ఆవిడ గుడ్డ పట్టుకుని అటు వస్తే లేచి అడ్డం నిలబడతాను. కీబోర్డు మీద పేరుకున్న దుమ్ము దేశభద్రతలో భాగమని ఆవిడకి ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు. ఆట గెలిచిన రోజున బ్రాకెట్ తీయించేస్తానని బావగారు మాటిచ్చారు. నేను ఆ మాట పట్టుకునే బతుకుతున్నాను.

ఆటకి నలభై ఏళ్ళు నిండాయని, దాన్ని తయారుచేసిన పెద్దాయన్ని వెతికి పట్టుకుని సన్మానానికి పిలిచారు. ఆయన పూలగుత్తి నా చేతిలో పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, తెర మూలనున్న అంకె దగ్గర ఆగిపోయారు.

"ఇది ఇంకా మొదటి వంతే కదండీ?"

"అవును మరి," అన్నారు బావగారు. "పదకొండేళ్ళలో శత్రువుకి ఒక్క ఛాన్సు ఇస్తే ఒట్టు."

మరి ఇన్నాళ్ళూ ఏం చేశారని పెద్దాయన అడిగారు. టాంకులన్నీ మొదటిరోజే కదిపేశాననీ, అప్పట్నుంచి పరిస్థితిని సమీక్షిస్తున్నాననీ బావగారు చెప్పారు. ఇలాంటి ఆటగాళ్ళ పుణ్యమా అనే తర్వాతొచ్చిన ఆటల్లో వంతుకి గడియారం పెట్టారని పెద్దాయన గొణిగారు. దాన్ని బావగారి పియ్యే పొగడ్త కింద రాసుకున్నాడు. సరిహద్దు వంతెన ఖాళీగా ఉందేం, టాంకులన్నీ ఈ ఒక్క ఊరి చుట్టూ మూగాయేం అని కూడా అడిగారాయన. అది బావగారి నియోజకవర్గం.

"ఒకసారి నొక్కండి. ఏమవుతుందో చూద్దాం," అన్నారు పెద్దాయన.

సన్మానానికొచ్చినవాళ్ళంతా తెర దగ్గరికి జరిగారు. నాకు మామగారి మొహం కళ్ళముందు మెదిలింది. గెలిస్తే పర్మనెంటు, ఓడితే స్టూలు కూడా ఉండదు. బావగారు వేలు ఎత్తి, కొంచెంసేపు గాల్లో ఉంచి, దాంతోనే చెవి గోక్కున్నారు.

"నా వంతు ఇంకా అవలేదు," అన్నారు.

చప్పట్లు ఆగలేదు. ఆ సాయంత్రమే ప్రభుత్వం దీన్ని విధానంగా తీసుకుంది. తెర మీద టాంకులు ఎలా ఉన్నాయో సైన్యాన్ని అచ్చంగా అలాగే సర్దేశారు. ఎన్నికలెప్పుడని విలేకరులు అడిగితే, అది జనం వంతు, మాది అయ్యాక చూద్దామన్నారు. ప్రతిపక్ష నాయకుడు కూడా పెద్దగా గొడవ చెయ్యలేదు. వంతు రానంతకాలం తననెవరూ ఏమీ అడగరని ఆయనకీ అర్థమైంది, పాపం మొహంలో కళ వచ్చింది.

తర్వాత కొన్నాళ్ళకి సేనాపతి ఫోన్ చేశాడు. పొరుగుదేశం వాళ్ళు వంతెన అవతల మూగుతున్నారనీ, మన దళాన్ని అక్కడికి పంపాలనీ అన్నాడు.

"ఆ దళం ఈ వంతులో ఒకసారి కదిలిందిగా?" అన్నారు బావగారు.

"కదిలింది సార్. మీ ఊళ్ళో షాపింగ్ కాంప్లెక్స్ ప్రారంభానికి."

"మరి రెండోసారి ఎలా కదులుతుందయ్యా? రూలంటే రూలే."

మర్నాడు మళ్ళీ ఫోను. వాళ్ళు వంతెన దాటేశారట. బావగారు నిజంగానే నొచ్చుకున్నారు. మనం నొక్కకుండా వాళ్ళెలా కదులుతారని సేనాపతినే నిలదీశారు. తర్వాత మెల్లగా నా వైపు తిరిగారు.

"నువ్వు గానీ నొక్కావా?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "దుమ్ము చూడు బావా," అన్నాను. ఆఫీసులో ఆయన్ని బావా అనడం అదే మొదటిసారి. ఆయన వంగి, బటన్ మీద దుమ్ము చెక్కుచెదరలేదని చూసుకుని తృప్తిపడ్డారు.

"అయితే వాళ్ళు రాలేదు," అని తేల్చారు. ఆ మేరకు పత్రికా ప్రకటన టైపవుతుండగానే కిటికీ కింద టాంకు ఆగింది. బావగారు సమీక్ష కోసం వెనక గుమ్మంలోంచి వెళ్ళారు.

పొరుగుదేశం అధికారి మంచి మర్యాదస్తుడు. బూట్లు గుమ్మం దగ్గర తుడుచుకుని మరీ లోపలికొచ్చాడు. నువ్వెవరని అడిగితే హోదా మొత్తం చెప్పాను, బ్రాకెట్తో సహా. అతను బావగారి కుర్చీలో కూర్చుని తెరని చాలాసేపు చూశాడు. వేలు బటన్ దాకా తెచ్చి ఆగాడు.

"ఇది నొక్కితే?"

"శత్రువు వంతు వస్తుందండి."

"ఇప్పుడు శత్రువంటే ఎవరు?"

"మేమేనండి."

అతను చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కొత్త ప్రభుత్వం నుంచి నాకు ఆర్డరొచ్చింది. హోదా అదే, జీతం అదే, స్టూలు బదులు కుర్చీ. బ్రాకెట్ లేదు. ఊడ్చే ఆవిడ గుడ్డ పట్టుకుని వస్తుంటే లేచి అడ్డం నిలబడ్డాను.

సాయంత్రం మామగారు ఫోన్ చేశారు. "అల్లుడుగారూ," అన్నారు.