తళతళలాడిన తాతగారి తుపాకీ

సర్టిఫికెట్ లేని వస్తువు ఈ లోకంలో లేనట్టే లెక్క!

కళ్లతో చూసి, చేత్తో పట్టుకుని "ఇది ఫలానా" అని చెప్పేసే అనాగరిక కాలం పోయినందుకు మనమంతా సంతోషించాలి. ఇప్పుడు ఏ వస్తువైనా సరే, అది అదేనని ఒక కాగితం చెప్పాలి. కాగితం మీద స్టాంపు, స్టాంపు కింద సంతకం ఉండాలి. ఆ సంతకం ఎవరిదో ఎవరికీ అర్థం కాకూడదు. ఇంతకంటే భరోసా ఏం కావాలి?

మొన్న ఒకాయన తుమ్మితే, "ల్యాబ్ రిపోర్టు రాకుండానే తుమ్ముతారేంటి?" అని భార్య గదమాయించింది. కుక్కపిల్ల వంశవృక్షం కాగితం పోగొట్టుకున్న ఇంకో ఆయన, అది మొరిగినప్పుడల్లా అనుమానంగా చూస్తున్నాడు. తప్పేముంది? మొరిగినంత మాత్రాన కుక్క అయిపోతుందా?

ఇంకా నమ్మకం కుదరకపోతే మిషన్ బాబాయి సంగతి వినండి.

బాబాయి కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. నలభై ఏళ్లుగా అదే కొట్టు, అదే బల్ల, అదే ఆకురాయి. వీధి మొత్తానికి ఆయన బాబాయి, ఆయన భార్య పిన్ని. కొట్టు గోడకి, తాతగారికి ఆయన తాత నుంచి వచ్చిన తుపాకీ ఒకటి వేలాడుతుంటుంది. మూతిలోంచి మందు కూరి, చెకుముకి రాయి నిప్పురవ్వతో పేల్చే రకం. బాబాయి పుట్టాక అది పేలింది లేదు. కానీ ఆయన చిన్నప్పుడు దాన్ని విప్పి, మళ్లీ బిగించి, విప్పి, మళ్లీ బిగించే ఈ పని నేర్చుకున్నాడు. పిన్నికి మాత్రం అది తువ్వాళ్లు ఆరేసుకునే దండెం.

మిషన్ బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒకావిడ ఆ దండేన్ని ఫోటో తీసి పదిమందికి పంపింది. ఆ పదిమందిలో ఒకడు ఆయుధాల ఆఫీసులో పనిచేస్తున్నాడు!

నోటీసు వచ్చింది. శుక్రవారం తుపాకీ పట్టుకుని ఆఫీసుకి రావాలి, నిపుణుడు చూస్తాడు. అది పురాతన వస్తువని తేలితే సరి. తేలకపోతే లైసెన్సు లేని ఆయుధం. తుపాకీ కొలిమికి, బాబాయి కోర్టుకి!

"మా తాత తుపాకీని కరిగించేస్తారటే!" అన్నాడు బాబాయి.

"ముందు మీ సంగతి చూసుకోండి. జైల్లో మిషన్లు ఉంటాయో లేవో," అంది పిన్ని.

అని ఊరుకుందా? పెద్ద ఆఫీసుకి వెళ్లే వస్తువు కదా అని, బాబాయి కొట్లో లేని సమయం చూసి ఉప్పుకాగితం తీసుకుని కూర్చుంది. గురువారం సాయంత్రానికి ఆ గొట్టంలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. బాబాయి వచ్చి, పాత మచ్చ ఒక్కటైనా మిగిలిందేమోనని గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి వెతికాడు. "ఎంత బాగుందో కదూ!" అంది పిన్ని.

శుక్రవారం పదకొండింటికి ఆఫీసులో బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. ఫైళ్ల గుట్ట వెనక అధికారి, బల్లకి ఇవతల తెల్ల గ్లవుజులతో నిపుణుడు. ఆయన చేతిలో భూతద్దం.

"రెండు వందల ఏళ్ల ఇనుముకి గోధుమరంగు మచ్చ ఉండాలి. ఏదీ?"

"మొత్తం వదలగొట్టానండీ," అంది పిన్ని గర్వంగా. "ఇంకా ఎక్కడైనా కనిపిస్తే చెప్పండి."

"తయారుచేసినవాడి గుర్తు ఇక్కడ ఉండాలే?"

"ఏవో గీతలుండేవండీ. పోయేదాకా వదల్లేదు."

నిపుణుడు కలం తీశాడు. 'అనుమానాస్పదం'లో మొదటి అక్షరం పడింది. బాబాయి బల్ల మీదకి వంగాడు.

"సార్, ఒక్కసారి ఆ పక్కపలక విప్పి చూడండి. లోపల ప్రతి ముక్క మీదా మూడు గాట్లుంటాయి. అప్పట్లో ఒక్కో ముక్కా చేత్తో రాకి బిగించేవాళ్లు కదండీ! పక్క తుపాకీ ముక్కలతో కలిసిపోకుండా ఆ గుర్తు. రెండు మిషన్లు ఒకేసారి విప్పితే నేనూ అదే చేస్తాను."

"విప్పడమా? పురాతన వస్తువుల్ని విప్పకూడదు!"

"ఇది పురాతనం కాదనే కదండీ మీ అనుమానం?"

"పురాతనం కానిదాన్ని విప్పి చూసేదేముంది?"

ఇంత పకడ్బందీ తర్కం కాగితం లేని కాలంలో దొరికేదా చెప్పండి!

అంతలో భూతద్దం ఒకచోట ఆగిపోయింది. చెకుముకి రాయిని పట్టుకునే ఇనుప దవడ, దాన్ని బిగించే చిన్న స్క్రూ.

"ఆహా! ఈ స్క్రూ మరలు చూశారా? ఎగుడుదిగుడుగా, ఆకురాయితో ఒక్కొక్కటీ కోసినవి! ఏ ఫ్యాక్టరీ చేయగలదు? ఈ పనితనం ఈరోజుల్లో ఎవరికుంది? తక్కువలో తక్కువ రెండు వందల ఏళ్లు!"

అసలు స్క్రూ ఎప్పుడో ఊడిపోతే, ఆ దవడ లొడలొడలాడటం చూడలేక, విరిగిన కుట్టుమిషన్ కడ్డీని అరగదీసి ఆరేళ్ల కిందట బాబాయే చేశాడు దాన్ని! ఆ సంగతి తెలిసిన పిన్ని బల్ల కింద ఆయన కాలు గట్టిగా తొక్కింది.

నోరు మూసుకుంటే గండం గడిచినట్టే. కానీ మీరే చెప్పండి. నలభై ఏళ్లలో ఆయన్ని "ఎప్పుడిస్తావు బాబాయ్?" అని అడిగినవాళ్లే గానీ "బాగా చేశావు" అన్నవాళ్లు లేరు. ఇవాళ గ్లవుజులు వేసుకున్న మనిషి కళ్లు మూసుకుని మరీ పొగుడుతున్నాడు. ఆ పొగడ్త కాస్తా ఎప్పుడో చచ్చిపోయినవాడి ఖాతాలోకి పోతుంటే ఏ పనివాడు ఓర్చుకుంటాడు?

"అది నేను చేసిందండీ," అన్నాడు బాబాయి.

"ఆయనకి వేడి చేసిందండీ, పట్టించుకోకండి!" అంది పిన్ని.

నిపుణుడు నవ్వాడు. "ఏం చదివావు?"

"ఏడండీ."

"పాత ఆయుధాల్లో డిప్లొమా?"

"లేదండీ."

"అయితే నీ మాట నిపుణుల అభిప్రాయం కిందకి రాదు." టకటకా రాసేశాడు: అసలైన పురాతన తుపాకీ, పేలదు, ఆధారం దవడ స్క్రూ. స్టాంపు పడింది. తుపాకీ మొత్తంలో దొంగముక్క అదొక్కటే, తుపాకీ అసలుదని సాక్ష్యం చెప్పిందీ అదొక్కటే!

బాబాయి దండం పెట్టి లేవబోయాడు.

"ఆగు," అన్నాడు ఫైళ్ల వెనక నుంచి అధికారి. "తుపాకీ భాగం తయారుచేశానన్నావు. లైసెన్సుందా?"

"నా మాట చెల్లదని ఇప్పుడే కదండీ అన్నారు!"

"అభిప్రాయంగా చెల్లదు. నేరం ఒప్పుకోలుగా చెల్లుతుంది."

అలాగని అధికారి కఠినాత్ముడేమీ కాదు. ఒక ఫారం తీసి ముందుకి తోశాడు. "రెండే గళ్లు. పనిచేస్తుంది, పనిచేయదు. తుపాకీని వదిలేసింది అది పనిచేయదు కాబట్టే. నువ్వూ రెండో గడిలో టిక్ పెట్టు. పని మానేశానని సంతకం చెయ్యి. ఫైలు మూసేస్తా."

"పెట్టేయండి, మీ సొమ్మేం పోయింది!" అంది పిన్ని.

బాబాయి కలం పట్టుకున్నాడు. ఫారం వంక చూశాడు. తర్వాత అధికారి చొక్కా వంక చూశాడు.

"మీ కాలరు కుట్టిన మిషన్‌లో అడుగుదారం బిగువు తప్పిందండీ. ఎవరిదో చెప్తే పది నిమిషాల్లో సరిచేస్తా," అన్నాడు.

మొదటి గడిలో టిక్ పెట్టాడు.

చూశారా, సర్టిఫికెట్ మహిమ! రెండు వందల ఏళ్లు నిండి, ఏ పనీ చేతకాని తుపాకీ ఆ పూటే సగౌరవంగా పిన్ని చంకలో ఇంటికి చేరింది.

బాబాయి ఇంకా రాలేదు.