నా కుడి భుజం, ఆవిడ ప్రాక్టికల్

అమెరికాలో, ఫ్రిస్కో ఊళ్ళో మా ఇంటికి ఎవరొచ్చినా ముందు వంటగదిని మెచ్చుకుంటారు. సింకులో ఒక్క గిన్నె కనబడదు, స్టవ్ మీద మరక ఉండదు, పై అరలో స్టీలు డబ్బాలు పొడుగు ప్రకారం బుద్ధిగా నిలబడి ఉంటాయి. "చదువుకుంటూ కూడా ఇల్లు ఎంత బాగా పెట్టుకున్నారండీ చాముండేశ్వరిగారూ" అంటారు. మా ఆవిడ చిన్నగా నవ్వి నా వైపు చూస్తుంది. నేను నా కుడి భుజం వైపు చూసుకుంటాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ భుజం సంగతే. వినేటప్పుడు కాఫీ కప్పులు మాత్రం ఎక్కడపడితే అక్కడ పెట్టకండి, కడగాల్సింది నేనే.

మా అమ్మాయి ఆద్య మిడిల్ స్కూల్‌కి వచ్చాక చాముండికి చదువు మీదికి మనసు మళ్ళింది. వీసా గొడవల్లో ఏళ్ళ తరబడి వాయిదా పడిన కోరిక అది. గ్రీన్ కార్డ్ రాగానే ఆక్యుపేషనల్ థెరపీలో మాస్టర్స్‌కి అప్లై చేసింది. సీటొచ్చిందని ఈమెయిల్ చూపించిన రోజున నాకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. ఆ ఊపులో, "నువ్వు చదువుకో చాముండీ, గిన్నెలు, బట్టలు, వాక్యూమ్ అన్నీ నావి" అనేశాను. సంతోషంలో ఉన్నప్పుడు మాట ఇవ్వకూడదని పెద్దలు ఊరికే అనలేదు.

డిష్‌వాషర్ లేదా అని మీరడగచ్చు. ఉంది. మన తెలుగు ఇళ్ళన్నిటిలో ఉన్నట్టే, చేత్తో కడిగిన గిన్నెలు ఆరబెట్టుకోవడానికి ఉంది.

మూడు సెమిస్టర్లు కుక్కర్లు తోమేసరికి నా ఓపిక ఆవిరైపోయింది. ఆఫీసులో నా తోటి సాఫ్ట్‌వేర్ టెస్టర్ కేశవరావుతో మొరపెట్టుకున్నాను. కేశవరావుది వరంగల్, సలహా ఇవ్వడంలో అతనికి సెలవు దినాలుండవు.

"గింత దానికి పరేషాన్ ఎందుకు రాఘవులూ? భుజం నొప్పి అని చెప్పు. పైకి కనబడదు, ఎవ్వరూ పట్టుకోలేరు. నేను మూడేండ్ల సంది నడుం నొప్పి అంటున్న. ఇప్పటిదాంక లాన్ మొఖం చూడలే. మా ఇంటామె గిరిజనే మనిషిని పెట్టి గడ్డి కోయిస్తది."

"ఏ భుజం చెప్పమంటావు?"

"కుడిదే చెప్పు. గిన్నెలు తోమేది దాంతోనే కద."

ఇక్కడ నా అజ్ఞానం గురించి ఒక్క మాట. థెరపీ అంటే నొప్పి ఉన్న మనిషిని పడుకోబెట్టి, కాపడం పెట్టి, కదలద్దని చెప్పడం అనుకున్నాను. మూడు సెమిస్టర్ల ఫీజు కట్టినవాణ్ణి, ఆవిడ చదువుతున్నది ఏమిటని ఒక్క రోజూ అడిగిన పాపాన పోలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగుపెడుతూనే భుజం పట్టుకుని మూలిగాను. అయ్యో పాపం అంటుందనుకున్నాను. చాముండి మొహం మాత్రం మతాబాలా వెలిగిపోయింది. పెళ్ళిలో తాళి కట్టినప్పుడు కూడా ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు.

"నిజంగా నొప్పా? ఎంత మంచి మాట చెప్పారండీ. ఫైనల్ ప్రాక్టికల్‌కి ఇంటి నుంచి ఒక మనిషిని తీసుకురమ్మన్నారు. ఎవరిని అడగాలా అని చచ్చిపోతున్నాను. అది పాసైతేనే హాస్పిటల్లో ఫీల్డ్‌వర్క్‌కి పంపిస్తారు. లేకపోతే సెమిస్టర్ మళ్ళీ చదవాలి."

నన్ను డైనింగ్ టేబుల్ ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఈ నొప్పి వల్ల ఏయే పనులు చెయ్యలేకపోతున్నారు?"

"గిన్నెలు తోమలేను. బట్టలు మడవలేను. వాక్యూమ్ అయితే తలుచుకుంటేనే లాగేస్తోంది."

"ఆఫీసులో కీబోర్డు?"

"అది పర్లేదు."

"ఆదివారం క్రికెట్?"

"అది అప్పటి నొప్పిని బట్టి ఉంటుంది."

"సరే. మళ్ళీ చెయ్యగలిగితే చాలు అని మీకు ప్రాణం కొట్టుకునే పని ఏదైనా ఉందా?"

సరిగ్గా అప్పుడే ఆవిడ వేడి అన్నం వడ్డిస్తోంది. పక్కన ముద్దపప్పు, ఆవకాయ, కరిగిన నెయ్యి. కుడిచెయ్యి పళ్ళెం వైపు వెళ్ళబోయి ఆగిపోయింది. కేశవరావూ నేనూ ఇంత పెద్ద పథకం వేసి, తినేది కూడా ఆ చేత్తోనేనన్న ముక్క మరిచిపోయాం.

"ఆవకాయ అన్నం చేత్తో కలుపుకు తినడం" అన్నాను. ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే.

"పాపం" అంటూ ఆవిడ ఒక చెంచా తెచ్చి నా ఎడం చేతిలో పెట్టింది. ఎడం చెయ్యి పళ్ళెంలో పెడితే మా బామ్మ అట్లకాడ తీసుకునేది. చెంచాతో ఆవకాయ అన్నం తినడం గోడకవతల నుంచి పెళ్ళి చూసినట్టుంటుంది. ముక్క జారి చొక్కా మీద పడింది.

మర్నాడు సోఫాలో కాళ్ళు చాపుకుని కాపడం కోసం ఎదురుచూస్తున్నాను. చాముండి స్పాంజి తెచ్చి ఇచ్చింది.

"ఇదేమిటి?"

"మీ థెరపీ. గిన్నెలు తోమలేకపోతున్నానన్నారుగా. అదే మన మొదటి గోల్."

"నొప్పి ఉన్నవాడిచేత పని చేయిస్తారా ఎక్కడైనా?"

"మా చదువంతా అదేనండీ. మనిషి ఏ పనికి దూరమయ్యాడో ఆ పనినే కొద్దికొద్దిగా చేయిస్తూ మళ్ళీ దగ్గర చేస్తాం. ఎడం చెయ్యి ముందు, కుడిచెయ్యి ఊరికే సాయం. నేను పక్కనే ఉంటాను, భయపడకండి."

రొట్టె విరిగి నేతిలో పడుతుందనుకుంటే, నేను పెనం మీంచి పొయ్యిలో పడ్డాను. ఇదివరకు గిన్నెలు తోమితే సరిపోయేది, అదీ ఎవరూ చూడకుండా. ఇప్పుడు పక్కన నిలబడి మోచెయ్యి ఏ కోణంలో ఉందో చూసేవారొకరు తయారయ్యారు. భుజం గుండ్రంగా తిరగాలని కిటికీ అద్దాలు తుడిపించింది. వేళ్ళకు బలం రావాలని చపాతీ పిండి పిసికించింది. ఒంటిచేత్తో తరగడానికి మేకులు దిగ్గొట్టిన చెక్కపీట ఒకటి తెచ్చింది. ఉల్లిపాయను ఆ మేకుకు గుచ్చి ఎడం చేత్తో కొయ్యాలి. ఉల్లిపాయ కోసం ఏడ్చానో నా కోసం ఏడ్చానో తెలియలేదు.

అన్నిటికన్నా ఘోరం పై అర. చెయ్యి పైకి లేవడం అలవాటు కావాలని స్టీలు డబ్బాలన్నీ కిందికి దింపి, మళ్ళీ ఒక్కొక్కటే పైకి ఎక్కించమనేది. మొదట ఖాళీ డబ్బాలు, తర్వాత మినప్పప్పు, తర్వాత కందిపప్పు. "బరువు మెల్లగా పెంచుతూ పోవాలి" అనేది. వారం తిరిగేసరికి బియ్యం డబ్బా దాకా వచ్చాం.

ఆద్య ఇదంతా సెరియల్ తింటూ చూసేది. "నాన్నా, నీకు షోల్డర్ హర్ట్ అవుతుంది కదా. మరి నిన్న కేశవరావు అంకుల్‌కి బౌలింగ్ ఎలా చెయ్యాలో చూపించావ్?"

"అది ఎడం చేత్తో చూపించానమ్మా."

"నో నాన్నా, రైట్ హ్యాండ్. జంప్ కూడా చేశావ్."

చాముండి ఏమీ వినబడనట్టు బీరకాయ తొక్క తీస్తోంది.

ఇక లాభం లేదని కోలుకోవాలని నిశ్చయించుకున్నాను. ఒక పొద్దున నవ్వుతూ లేచి, చెయ్యి గిరగిరా తిప్పి, "చాముండీ, నీ చేతి చలవ. పూర్తిగా తగ్గిపోయింది" అన్నాను.

ఆవిడ అట్లకాడ పక్కన పెట్టి స్టూలు మీద కూర్చుండిపోయింది. "ఇప్పుడు తగ్గిపోతే ఎలాగండీ? వచ్చేవారమే ప్రాక్టికల్. ఇన్ని రోజులూ మీతో చేయించినదంతా అక్కడ చూపించాలి. కొత్త మనిషిని ఎక్కడ వెతకను? పిల్లల వయసున్న క్లాస్‌మేట్ల ముందు నేనొక్కదాన్నే వెనకబడిపోతాను."

ఆ గొంతు వినేసరికి నా చెయ్యి దానంతటదే కిందికి దిగింది. "ఇదిగో, మళ్ళీ పట్టేసింది" అన్నాను. ఆ క్షణం నుంచి నాటకం నా సుఖం కోసం కాదు, ఆవిడ డిగ్రీ కోసం. కేశవరావుకి చెబితే ధైర్యం చెప్పకపోగా, "ముప్పై ఏండ్లు పేషెంట్లను చూసిన ప్రొఫెసర్ అంటున్నవు. ఒక్క నిమిషంల పట్టుకుంటదిరా. దొంగ పేషెంట్‌ని తెచ్చిందని మా చెల్లెని ఫెయిల్ చేస్తది" అని భయపెట్టాడు. కుడితిలో పడ్డ ఎలుకలా ఆ వారమంతా కొట్టుకున్నాను.

ప్రాక్టికల్ రోజున యూనివర్సిటీలో పెద్ద హాలుకి తీసుకెళ్ళింది. అందులోనే ఒక వంటగది, ఒక మంచం, ఒక బాత్‌రూమ్ కట్టారు, పేషెంట్ల చేత పనులు చేయించడానికి. గోడ వారగా తక్కిన స్టూడెంట్లు తెచ్చిన పేషెంట్లు వరసగా ఉన్నారు. ఒక పెద్దాయన వీల్‌చెయిర్‌లో తల వాల్చి కూర్చున్నాడు. ఒకావిడ చెయ్యి వణుకుతూ నీళ్ళ కప్పు పట్టుకోలేక అవస్థపడుతోంది. ఇంతమంది నిజమైన బాధల మధ్య నేనొక్కణ్ణే దొంగ భుజంతో నిలబడ్డాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ప్రొఫెసర్ డాక్టర్ హాలోవే కళ్ళజోడు పైనుంచి చూసే రకం. చాముండి నన్ను అక్కడి వంటబల్ల ముందు కూర్చోబెట్టి, సంచిలోంచి క్యారియర్ తీసింది. మూత తీయగానే వాసన గుప్పుమంది. పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, కొత్తావకాయ, నెయ్యి.

"ఈయనకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది" అని ప్రొఫెసర్‌కి ఇంగ్లీషులో వివరించి, నా మోచెయ్యి కింద చిన్న దిండు పెట్టింది. "కొద్దిగా వేళ్ళు కదపండి చాలు. నొప్పనిపిస్తే ఆపేయండి" అని తెలుగులో మెల్లగా చెప్పింది.

వేళ్ళు కొద్దిగానే కదపాలనుకున్నాను. దేవుడి సాక్షిగా అదే అనుకున్నాను. అన్నానికి వేళ్ళు తగలగానే మాత్రం ఆ చెయ్యి నా మాట వినడం మానేసింది. పప్పు, ఊట, నెయ్యి కలిపి పిసికి, ముద్ద చేసి నోట్లో పెట్టాను. కళ్ళు మూతలు పడ్డాయి. రెండో ముద్దకి దిండు కింద పడింది. మూడో ముద్దకి ఊట మణికట్టు దాటుతుంటే నాకేసుకున్నాను. ఆవకాయ ముక్క కొరికి, నెయ్యి చాల్లేదనిపించి, బల్ల అవతలి చివరనున్న గిన్నె కోసం లేచి, కుడిచెయ్యి బార్లా చాపి అందుకున్నాను.

అప్పుడు తలెత్తి చూశాను.

హాలంతా నా వైపే చూస్తోంది. నెయ్యి గిన్నె గాల్లో ఉంది, దాని కింద నిక్షేపంలాంటి నా కుడి భుజం ఉంది. చాముండి మొహం చూడలేక ప్రొఫెసర్ వైపు తిరిగాను. వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని చెప్పేశాను.

"మేడమ్, నాకు నొప్పి లేదు. ఎప్పుడూ లేదు. గిన్నెలు తప్పించుకోవడానికి అబద్ధం చెప్పాను. ఇందులో నా భార్య తప్పేమీ లేదు. ఆవిడ ఎంత కష్టపడి చదివిందో నేను చూశాను. ఫెయిల్ చెయ్యాలంటే నన్ను చెయ్యండి, ఆవిడను వద్దు."

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత హాలంతా గొల్లుమంది. వీల్‌చెయిర్‌లో ఉన్న పెద్దాయన లేచి, టకటకా నడుచుకుంటూ వచ్చి నా వీపు తట్టాడు. చెయ్యి వణికే ఆవిడ వణుకు ఆపి కళ్ళు తుడుచుకుంటోంది.

"మిస్టర్ రాఘవులు, ఇవాళ వచ్చిన పేషెంట్లందరూ నటిస్తున్నవాళ్ళే" అంది డాక్టర్ హాలోవే. "నిజం పేషెంట్లను స్టూడెంట్ల పరీక్షకు తెస్తామా? ఇంటి నుంచి వాలంటీర్‌ను తెమ్మన్నాం. మా వాలంటీర్లు పది నిమిషాలు నటించి అలిసిపోతారు. మీరు వారాల తరబడి రిహార్సల్ చేస్తున్నారని చామ్ ముందే చెప్పింది."

నేను చాముండి వైపు చూశాను. చాముండి పైకప్పు వైపు చూసింది.

"పరీక్ష మీ భుజానికి కాదు" అంది ప్రొఫెసర్. "ఈ మనిషికి ప్రాణమైన పని ఏదో ఆవిడ కనిపెట్టిందా లేదా అన్నదే పరీక్ష. దానికోసం మీరు చెయ్యి ఎంత దూరం చాపారో అందరం చూశాం. చామ్ పాస్." అని, ఆవకాయ గిన్నె వైపు వేలు చూపించి అదేమిటని అడిగింది. వీల్‌చెయిర్ పెద్దాయన అప్పటికే రుచి చూసి నీళ్ళ కోసం పరిగెత్తాడు.

తిరుగుదారిలో కారు నేనే నడుపుతున్నాను. చివరికి ఉండబట్టలేక అడిగాను.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొదటి రాత్రే. నొప్పి ఉన్న భుజం మీదే ఒత్తిగిలి గురకపెట్టే పేషెంటు మా టెక్స్ట్‌బుక్కులో ఎక్కడా లేడు."

"మరి చెప్పచ్చుగా."

"చెబితే పై అర ఎవరు సర్దుతారు?" అంది. కాస్త దూరం పోయాక గొంతు మార్చి, "నన్ను ఫెయిల్ చెయ్యద్దని అందరి ముందూ అలా నిలబడి అడిగారు చూశారూ, నాకు ఏడుపొచ్చేసిందండీ" అంది.

"నవ్వుతూ కనబడ్డావు."

"రెండూ వచ్చాయి."

నాకూ రెండూ వచ్చాయి. డ్రైవ్ చేస్తున్నాను కనుక బయటపడలేదు.

ఇప్పుడు చాముండి హాస్పిటల్లో ఫీల్డ్‌వర్క్ చేస్తోంది, జోరుగా. నన్ను డిశ్చార్జ్ చేసింది గానీ ఇంటి దగ్గర చేసుకోవాల్సిన వ్యాయామాలు జీవితాంతం కొనసాగించమంది. ఈమధ్యే కేశవరావు భార్య గిరిజ, చాముండిని చూసి ఉత్సాహం వచ్చి, అదే కోర్సులో చేరింది. నా గిన్నెల థెరపీ సంగతి సిగ్గుకొద్దీ అతనికి చెప్పలేదు నేను. మొన్న అతను ఫోన్ చేస్తే చేతులు సబ్బులో ఉన్నాయని స్పీకర్‌లో పెట్టాను.

"రాఘవులూ, గిరిజ కొత్తగ నా నడుం నొప్పి మీద మస్తు శ్రద్ధ పెట్టిందిరా. రేపు కూర్చోబెట్టి ఏవో ప్రశ్నలు అడుగుతదంట. నాకైతే సంతోషమే గానీ, ముందుగాల ఏమన్న తయారు కావాల్నా?"

పక్కన చాముండి పెదవి కొరుక్కుంటూ నిలబడింది. నేను కుక్కర్ కడిగి, తుడిచి, పై అరలో పెట్టాను.

"పెద్దగా ఏమీ అక్కర్లేదు. లాన్ మోవర్‌లో పెట్రోల్ ఉందో లేదో చూసుకో, చాలు" అన్నాను.