మంత్రిగారి సొంత మాట

పట్టణాల శాఖ మంత్రివర్యులు సొంతంగా ఒక బ్లాగు మొదలుపెడుతున్నారన్న చల్లని కబురు లోకానికి అందించే భాగ్యం నాకే దక్కింది. అంటే, ఆ ప్రెస్ నోటు టైపు చేసింది నేనే. "ఇకపై ప్రజలకూ నాకూ మధ్య ఎవరూ ఉండరు. నా మనసులో మాట నేనే రాస్తాను, వాళ్లు నేరుగా చదువుకుంటారు" అని అందులో మంత్రిగారు ప్రకటించారు. ఆ మాట ఆయన పీఏగారికి చెబితే, పీఏగారు పీఆర్వోకి చెబితే, పీఆర్వో సెక్షన్ ఆఫీసరుకి చెబితే, సెక్షన్ ఆఫీసరు నాకు చెప్పాడు. నేను పదకొండు కాపీలు తీశాను.

నా గురించి రెండు ముక్కలు. నేను మంత్రిగారి పేషీలో టెంపరరీ టైపిస్టుని. టెంపరరీగా ఉండబట్టి తొమ్మిదేళ్లయింది. ఉండేది మా అక్క ఇంట్లో. అక్క టైలరు, ఇంటి ముందుగదే ఆవిడ షాపు. ఆ షాపు గుమ్మానికి రెండడుగుల దూరంలో మురుగు కాలవ మ్యాన్‌హోల్ ఒకటుంది. దాని మూత ఎవరో ఎత్తుకుపోయి రెండు వానాకాలాలు గడిచాయి. అక్క అక్కడ ఒక పాత కుర్చీ అడ్డం పెట్టి, దానికి ఎర్రగుడ్డ కట్టింది. అయినా పోయిన వానల్లో, కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ కుర్చీతో సహా నడుందాకా దిగబడింది. అప్పట్నుంచి అక్కకి బేరాలు సగానికి సగం పడిపోయాయి. ఇంకో వానాకాలం ఇలాగే గడిస్తే షాపు మూసుకోవడమే. అందుకని ప్రతి సోమవారం అర్జీ పట్టుకుని మా ఆఫీసుకి వస్తుంది, రసీదు తీసుకుని వెళుతుంది.

"ఒరేయ్, మంత్రిగారి పక్కగదిలోనే కదరా నువ్వు కూచునేది! ఒక్క మాట చెవిన వెయ్యలేవూ?" అని అడుగుతుంది.

"పక్కగదే అక్కా. మధ్యలో గోడుంది."

"ఆ గోడకేనా చెప్పు. నీకంటే అది నయం."

ఇక బ్లాగు సంగతి. బ్లాగంటే ఏమిటో పేషీలో ఒక్కరికీ తెలియకపోయినా పని మాత్రం చకచకా సాగింది. కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. గిర్రున తిరిగే కుర్చీ వచ్చింది. మంత్రిగారు రాస్తున్నట్టు ఫొటోలు తియ్యడానికి ఒక పూట పట్టింది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఒకటి, కిటికీలోంచి చూస్తూ ఒకటి, చేతిలో పెన్నుతో ఒకటి. ల్యాప్‌టాప్ ముందు పెన్నెందుకని ఫొటోగ్రాఫరు అడిగాడు. పెన్ను రాయడానికి కాదు, ఆలోచించడానికని పీఏగారు సర్దిచెప్పారు.

ఆ తర్వాత పీఏగారు ఎక్కణ్ణుంచో 'కొత్తగా బ్లాగు మొదలుపెట్టేవారికి పది సూచనలు' అన్న కాగితం సంపాదించి, మంత్రిగారి ముందు నిలబడి చదివారు.

"మొదటిది సార్. మీకు బాగా తెలిసిన విషయం ఎంచుకోండి."

మంత్రిగారు చాలాసేపు ఫ్యాను వంక చూశారు. "రెండోది చదువు."

"రోజూ కొంచెం కొంచెం రాయండి."

"మూడోది?"

"నిజాయితీగా రాయండి."

"అది కంపల్సరీనా?"

"కాదు సార్. సూచన మాత్రమే."

"మరి ఆ ముక్క ముందే చెప్పొద్దూ! హడలగొట్టావు" అని మంత్రిగారు నీళ్లు తాగారు.

ఉన్నమాట చెప్పాలి. ఆ మధ్యాహ్నం మంత్రిగారు నన్ను పిలిచి ఒక వాక్యం డిక్టేట్ చేశారు. "నేను చిన్నప్పుడు వానొస్తే మా వీధిలో కాగితప్పడవలు వదిలేవాణ్ణి." చెప్పి, కాస్త సిగ్గుపడ్డారు కూడా. నాకు ముచ్చటేసింది. తొమ్మిదేళ్లలో ఆయన నోట నేను విన్న మొదటి మంచి మాట అది. వెంటనే ఫైలు కట్టి పైకి పంపాం.

ఫైలు పద్నాలుగు బల్లల మీదుగా వెళ్లింది. 'నేను' అంటే బాధ్యత ఒకరి మీద పడుతుంది, తీసెయ్యాలని న్యాయశాఖ రాసింది. 'చిన్నప్పుడు' అన్నచోట పార్టీ ఆఫీసువాళ్లు గట్టిగా అడ్డం తిరిగారు, అప్పుడు అధికారంలో ఉన్నది మన పార్టీయే అని. 'వానొస్తే' పడవలు తేలాయంటే వీధిలో నీళ్లు నిలిచాయని ఒప్పుకున్నట్టేనని ఇంజినీరింగువాళ్లు అన్నారు. కాగితాలు కాలవలో వెయ్యడం మన శాఖ నిబంధనలకే విరుద్ధమని ఇంకొకాయన గుర్తుచేశాడు. చివరికి 'మా వీధిలో' అన్న రెండు ముక్కలు మిగిలాయి. ఒక వీధి పేరెత్తితే మిగతా వీధులవాళ్లు చిన్నబుచ్చుకుంటారని వాటినీ కొట్టేశారు. ఫైలు పద్నాలుగు సంతకాలతో తిరిగొచ్చింది. 'సవరణలతో ఆమోదించడమైనది' అని అడుగున రాసి ఉంది. పైన తెల్లకాగితం.

ఆవిష్కరణ మర్నాడే. హాలు బుక్కయింది, పిలుపులు వెళ్లాయి. బ్లాగు తెరిచిపెట్టే పని నాది. కొత్తగా తెరిచేవాళ్లకి మచ్చుకి ఉంటుందని ఆ వెబ్‌సైటువాళ్లే ఒక పేజీ పెట్టి ఇస్తారు. దాన్ని తీసెయ్యమంటారా అని నేను నోటు పెట్టాను. నోటు ఇంకా తిరిగి రాలేదు.

హాలు కిటకిటలాడుతోంది. మంత్రిగారు బటన్ నొక్కారు. తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు వెలిగాయి.

'నమస్కారం! ఇది మీ మొదటి పేజీ. దీన్ని చెరిపేసి, ఇక్కడ మీ సొంత మాటలు రాసుకోండి.'

మంత్రిగారు పీఏగారి వంక చూశారు. పీఏగారు నా వంక చూశారు. నేను చెప్పుల వంక చూసుకున్నాను. సరిగ్గా అప్పుడు చప్పట్లాయన లేచాడు. ఆయన పార్టీలో చిరకాల కార్యకర్త, ఏ సభలోనైనా మొదటి చప్పట ఆయనదే, అందుకని అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఆయన కొట్టాడు. హాలంతా కొట్టింది.

"ఏం వినయం! తన పేజీని తానే చెరిపేసి జనానికి చోటిచ్చిన నాయకుణ్ణి నా సర్వీసులో చూడలేదు" అని ఒక రిటైర్డు భాషా పండితుడు కళ్లు తుడుచుకున్నాడు. మర్నాడు ఒక పేపరు 'పన్నెండు మాటల్లో ప్రజాస్వామ్యం' అని సంపాదకీయం రాసింది. ప్రతిపక్షంవాళ్లు ఆ బ్లాగు పేజీలో ప్రతి మాటనీ తీవ్రంగా ఖండించారు, నమస్కారంతో సహా.

నాకు మనసాగక పీఏగారి దగ్గరికి వెళ్లాను. "సార్, అది మంత్రిగారు రాసింది కాదు. మచ్చు పేజీ."

"నీ ఉద్యోగం పర్మనెంటా, టెంపరరీనా?"

"టెంపరరీ సార్."

"అయితే నీ అభిప్రాయాలు కూడా అలాగే ఉంచుకో."

మూడో రోజుకి మంత్రిగారు ఒక ఇంటర్వ్యూలో, ఆ వాక్యాలు తనకి స్నానం చేస్తుండగా తట్టాయనీ, తడి ఒంటితోనే పరిగెత్తుకొచ్చి రాసుకున్నాననీ చెప్పారు. చెబుతున్నప్పుడు ఆయన కళ్లు మెరిశాయి. అబద్ధమాడే మనిషి కళ్లు అలా మెరవవు, ఆయన నిజంగానే నమ్మేశారు.

జనం ఉన్నారే, వాళ్లు ఉత్త అమాయకులు. సొంత మాటలు రాసుకోమన్నారు కదా అని పేజీ కింద రాయడం మొదలుపెట్టారు. దీపాలు వెలగడం లేదని ఒకరు, చెత్త ఎత్తడం లేదని ఒకరు. మొదటి రోజే నాలుగు వందలు. మంత్రిగారు పొంగిపోయారు.

"నాలుగు వందల మంది అభిమానులు! ప్రతి ఒక్కరికీ ఒక్కరోజులో జవాబు వెళ్లాలి. చిన్నా పెద్దా తేడా లేదు, ఎవరు రాసినా ఒకటే జవాబు. తేడా చూపించారని తెలిస్తే ఊరుకోను."

ఆ ఒకటే జవాబు పీఏగారు రాశారు, నేను టైపు చేస్తూ వచ్చాను. 'మీ అభిమానానికి కృతజ్ఞతలు. ఇలాగే చదువుతూ ఉండండి.'

అర్జీకి రెండేళ్లయినా రాని జవాబు బ్లాగులో ఒక్కరోజులో వస్తోందని అక్కకి తెలిసింది. ఫోన్లో అక్షరం అక్షరం వెతుక్కుని రాసింది. 'మా గుమ్మం ముందు మ్యాన్‌హోల్ మూత పోయింది. కుర్చీ అడ్డం పెట్టాను. మనుషులు పడుతున్నారు. మూత వేయించండి బాబూ.'

సాయంత్రం ఇంటికెళ్లేసరికి ఫోను నా మొహం ముందు పెట్టింది.

"అభిమానమేమిట్రా? నేను మూత అడిగితే?"

"అది టైపు చేసింది నేనే అక్కా."

"నా తోడబుట్టినవాడివై ఉండి?"

"తేడా చూపించకూడదని ఆర్డరు."

అక్క వెళ్లి మిషను తొక్కుతూ కూచుంది. నాకు నిజంగా సిగ్గేసింది, కానీ సిగ్గు కూడా టెంపరరీ ఉద్యోగిదే కదా, దానితో ఏమీ చెయ్యలేకపోయాను.

అక్క మొండిది. రోజుకొకటి రాసింది. నెల తిరిగేసరికి ముప్ఫై ఒకటి అయ్యాయి. పీఏగారు లెక్క తీసి, ఈవిడే మన నంబర్ వన్ పాఠకురాలు సార్ అని విన్నవించారు. ఏం రాసిందో చదివే తీరిక ఎవరికీ లేదు. "ఆవిడ ఇంటికే వెళదాం. మన రెండో పోస్టు అదే" అన్నారు మంత్రిగారు.

ముందురోజు సాయంత్రం ఇంజినీరు వీధి చూడ్డానికి వచ్చి, కుర్చీ చూసి, కుర్చీ కింద చూసి, చెమట తుడుచుకున్నాడు. స్టోర్సులో మూతల్లేవు. కొనాలంటే మూడు కొటేషన్లు పిలవాలి. అయినా తెల్లారేసరికి ఒక వ్యాను వచ్చి ఆగింది. ఇద్దరు మనుషులు ఇనపమూత ఒకటి దింపి గోతి మీద పెట్టారు. చక్కగా అతికింది. దాని అంచున పచ్చిపచ్చిగా ఆకుపచ్చ రంగు చుక్కలున్నాయి. అక్క ఎర్రగుడ్డ విప్పి, కుర్చీ లోపల పెట్టి, ఆ మూత మీద అటూ ఇటూ నాలుగుసార్లు నడిచింది. అక్క నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో.

"అమ్మా, సంబరపడకండి. ఫొటోలవగానే పట్టుకుపోతాం. ఒక్కరోజు అరువు తెచ్చాం" అన్నాడు వ్యానువాడు.

అక్క మొహంలో నవ్వు అక్కడే ఆగిపోయింది.

మంత్రిగారు వచ్చారు. ఫొటోగ్రాఫరు ఆయన్ని సరిగ్గా మూత మీదే నిలబెట్టాడు. మంత్రిగారు కిందికి చూసి, బూటుతో రెండుసార్లు తట్టారు. "మంచి మూత. ఎక్కడో చూసినట్టుందే!"

"మీరు ఎన్ని మూతలు ప్రారంభించలేదు సార్!" అన్నారు పీఏగారు.

"బాబూ, ఈ మూత ఇక్కడే..." అని అక్క మొదలుపెట్టింది.

"మీరు రాసేవన్నీ వదలకుండా చదువుతున్నానమ్మా. రాస్తూనే ఉండండి" అని మంత్రిగారు దణ్ణం పెట్టి, ఏడో నిమిషంలో కారెక్కారు.

ఆ సాయంత్రం వ్యాను రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు నేను ఆఫీసులో కూపీ లాగాను. మూత తేవడానికి నోటిమాట సరిపోయింది గానీ, తిరిగి తీసుకెళ్లడానికి కాగితం కావాలట. కాగితం రాయబోతే రిజిస్టరు అడ్డం వచ్చింది. మా వీధిలో మూత లేదని రిజిస్టరులో ఉంది, అక్క అర్జీలే సాక్ష్యం. లేని మూతని ఎలా తీసుకెళతారు? తెచ్చినచోట మూత ఉందని రిజిస్టరులో ఉంది. ఉన్న మూత మీద ఇంకో మూత ఎలా వేస్తారు? ఇక్కడిది అక్కడికి కదిలిందని రాయాలంటే, ఎవరి ఆర్డరు మీద కదిలిందో ఒకరు సంతకం చెయ్యాలి. పద్నాలుగు బల్లల్లో ఒక్క పెన్నూ దొరకలేదు. రిజిస్టరు మీద నాకున్న గౌరవం కొద్దీ నేను నోరెత్తలేదు. అక్క షాపుకి జనం మళ్లీ రావడం మొదలైంది.

వారం తిరిగింది. మంత్రిగారు మడమ బెణికి ఇంటిపట్టున ఉన్నారు, ల్యాప్‌టాప్ కూడా ఇంటికే తెప్పించుకున్నారు. ఆ రోజు బ్లాగుకి వచ్చిన మాటల్లో 'ఒక పౌరుడు' అన్న పేరుతో ఇది ఉంది.

'నేను గేటు ముందు కారు దిగుతూ మొన్న గోతిలో కాలు పెట్టాను. మురుగు కాలవ మూత కనపడ్డం లేదు. ఇంజినీర్లని ఇంటికి పిలిచి కేకలేశాను. రిజిస్టరులో మూత ఉంది సార్ అంటున్నారు. పడ్డది నేను, ఉందనేది వాళ్లు. చాలా నొప్పిగా ఉంది. చదివినవాళ్లు ఎవరైనా దయచేసి పట్టించుకోండి. గుర్తు: కొత్తగా ఆకుపచ్చ రంగు వేసిన గేటు, ఇద్దరు గన్‌మెన్.'

మూడుసార్లు చదివాను. బాగా తెలిసిన విషయం. ఉన్నదున్నట్టు రాశారు. 'నేను' అన్నచోట కొట్టివేత లేదు, అడుగున పద్నాలుగు సంతకాలు లేవు. ఆ పది సూచనల కాగితం ఎవరు రాశారో గానీ వాళ్ల శ్రమ వృథా పోలేదు.

పక్కగదికి వెళ్లి పీఏగారికి చూపించాను. ఆయన చదివి, కాసేపు గోడ వంక చూసి, "ఆర్డరు ఏముంది?" అన్నారు.

"తేడా చూపించకూడదని సార్."

"మరి?"

నేను వచ్చి కూచుని టైపు చేశాను. 'మీ అభిమానానికి కృతజ్ఞతలు. ఇలాగే చదువుతూ ఉండండి.'

సాయంత్రానికి దాని కింద ఇంకొకరు రాశారు. అది మా అక్క.

'కుర్చీ అడ్డం పెట్టుకోండి బాబూ. ఎర్రగుడ్డ కట్టడం మరవకండి. మాది ఖాళీగానే ఉంది, కావాలంటే మా తమ్ముడితో పంపిస్తాను.'